నేను చెప్పని రెండు బొమ్మలు

కరీంనగర్‌లో నేను మొదట అద్దెకున్న గది కిటికీ తెరిస్తే శ్మశానం కనబడేది. అక్కడ మూడేళ్లున్నాను. పరీక్ష పేపర్లు దిద్దుతూ ఆ కిటికీ దగ్గరే టీ తాగేవాణ్ని. దయ్యం సంగతి అటుంచి, దయ్యం ఉందేమోనన్న అనుమానం కూడా నా దరికి రాలేదు. జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆధారం లేని మాట రాస్తే పిల్లలకు మార్కులు కోసేస్తాను. అందుకే ఇది రాయడానికి రెండేళ్లు వెనకాడాను.

మాకొక ఆట ఉంది. ఆదివారం మధ్యాహ్నం నలుగురం మా ఇంటి ముందు గదిలో కూర్చుంటాం. ఒకరు కథ చెబుతుంటే మిగిలిన ముగ్గురు అందులో వీరులవుతారు. ఎటు పోవాలో, ఎవరితో తలపడాలో వాళ్లే తేల్చుకుంటారు. గెలిచారా లేదా అన్నది పాచికలు చెబుతాయి. కథ చెప్పే పని నాది.

ఆ ఏడు సుమేరియన్ దేవతలను ఆటలోకి తేవాలనుకున్నాను. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో వేల ఏళ్ల కింద కొలిచిన దేవతలు వాళ్లు. మట్టి పలకల మీద వాళ్ల కథలు మిగిలాయి. మన దేవుళ్లను ఆటలో పెడితే ఎవరో ఒకరి మనసు నొచ్చుకుంటుంది. వీళ్లకు ఇప్పుడు గుడి లేదు, పూజారి లేడు. అడిగేవాళ్లు ఉండరు కదా అనుకున్నాను.

వాటిలో ఒక కథ నన్ను బాగా పట్టుకుంది. స్వర్గపు రాణి ఇనాన్నా పాతాళానికి దిగుతుంది. అక్కడి రాణి ఆమె అక్కే, పేరు ఎరెష్కిగాల్. ఏడు వాకిళ్లు దాటుతూ, ఒక్కో వాకిట ఒక్కో నగ వదులుకుంటూ లోపలికి పోయిన ఇనాన్నా అక్కడే చనిపోతుంది. అప్పుడు ఎన్కి అనే నీళ్ల దేవుడు తన గోళ్లలోని మట్టి గీకి రెండు చిన్న ప్రాణులను చేస్తాడు. అవి ఆడా కాదు, మగా కాదు. ఒకదానికి ప్రాణం పోసే ఆకు, ఇంకోదానికి ప్రాణం పోసే నీళ్లు ఇచ్చి పంపుతాడు.

అవి ఈగల్లా తలుపు సందులోంచి దూరి పోతాయి. లోపల ఎరెష్కిగాల్ పోయిన పిల్లల కోసం మూలుగుతూ పడి ఉంటుంది. ఆమె అయ్యో నా కడుపు అంటే, అవి అయ్యో నీ కడుపు అంటాయి. అంతే. అంతవరకు ఆమెతో కలిసి ఏడ్చినవాళ్లు లేరు. ఆమె కరిగి, ఏం కావాలో కోరుకోమంటుంది. అవి ఇనాన్నాను అడిగి బతికించుకుంటాయి.

ఆ భాగాన్ని నేను కొట్టేశాను. ఇద్దరు ఈగలంత వాళ్లు ఏడ్చి పని చక్కబెడితే ఇక నా మిత్రులు ఏం చేయాలి? ఎరెష్కిగాల్‌ను పెద్ద రాక్షసిని చేసి, కత్తితో కొట్టినా ఓ పట్టాన చావనంత బలం ఇచ్చాను. మూలుగు లేదు, పిల్లలు లేరు, ఆ రెండు ప్రాణులూ లేవు. ఈ మార్పు గురించి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆట ముందే తెలిసిపోతుంది.

అప్పటికి మా అక్క మా ఇంట్లోనే ఉంది. ఎనిమిదో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. నాలుగు నెలలుగా వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకునేది. పలకరిస్తే తల ఊపేది తప్ప మాట లేదు. ఏడవనూ లేదు. అవ్వ, అంటే మా అమ్మ, కలిపి పెడితే నాలుగు ముద్దలు తినేది. బావ జగిత్యాల నుంచి వారం వారం వచ్చి, మంచం పక్కన కాసేపు కూర్చుని పోయేవాడు. ఇంట్లో అలాంటి మనిషిని పెట్టుకుని ఆ భాగాన్నే ఎందుకు కొట్టేశానో అప్పుడు నాకు తట్టలేదు. ఆట కోసమే అనుకున్నాను.

ఆటకు బొమ్మలు కావాలని నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసే రాజన్నకు ఫోన్‌లో పట్టీ పంపాను. మొత్తం తొమ్మిది బొమ్మలు. ఎవరి చేతిలో ఏముండాలి, ఎవరి కిరీటం ఎలా ఉండాలి అన్నంతవరకే తెలుగులో రాశాను. ఎన్కి భుజాల మీంచి నీళ్లు పారాలి, అందులో చేపలుండాలి అని రాశాను. కథ మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

నెల తర్వాత బస్సెక్కి నిర్మల్ పోయాను. రాజన్న కాగితాలు విప్పి తొమ్మిది బొమ్మలూ వరసగా నిలబెట్టాడు. ముచ్చటగా ఉన్నాయి. తర్వాత జేబులోంచి అగ్గిపెట్టె తీసి నా అరచేతిలో బోర్లించాడు. గోరంత పొడవున్న రెండు బొమ్మలు పడ్డాయి.

"ఇవేంది రాజన్నా? నేను తొమ్మిదే గదా చెప్పిన?"

"తొమ్మిదే సారూ. గా భుజాలకెళ్లి నీళ్లు వారే దేవునికి అతుకులు పెడుతుంటే ముద్ద గోర్లల్ల ఇరికింది. పుల్లతోని గీకి తీసిన. పారేయబుద్ధి కాలే. గీ చేతిదాంతోని ఒకటి, గా చేతిదాంతోని ఒకటి చేసిన."

ముద్ద అంటే చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపినది. కొయ్య ముక్కలను దానితోనే అతుకుతారు.

"ఆడోళ్లా, మొగోళ్లా?"

ఆయన కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూశాడు. "నాకూ ఎర్కలే సారూ. ఎట్లొచ్చిండ్రో అట్లనే ఇడిసిన. ఉత్త చేతులుంటే బాగుండదని ఒకలకు ఆకు పెట్టిన, ఒకలకు చెంబు పెట్టిన."

ఈ కథ ఎక్కడన్నా విన్నావా అని నాలుగు రకాలుగా అడిగాను. ఏ కథ అని ఆయన నన్నే అడిగాడు.

తిరుగు బస్సులో చాలాసేపు ఆలోచించాను. మిగిలిన ముద్దతో చిన్న బొమ్మలు చేయడం ఏ పనివాడైనా చేసేదే. బొమ్మ చేతిలో చెంబు కూడా వింతేం కాదు. గోళ్లు, రెండు, ఆకు, చెంబు... విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఓ సమాధానం దొరికింది. కలిపి చూస్తే మాత్రం దొరకలేదు. భయమేమీ వేయలేదు. ఎవరో నేను ఆటకు రాసుకున్న కాగితం చదివి, నేను కొట్టేసింది మళ్లీ రాసి పంపినట్టు అనిపించింది.

ఇంటికొచ్చి తొమ్మిదింటినీ అలమారలో పెట్టాను. అగ్గిపెట్టెను నా బల్ల సొరుగులో వేశాను. సొరుగుకు తాళం లేదు. ఈ సంగతి దాచకుండా చెప్పాలి.

మూడో రోజు కాలేజీకి సెలవు. పొద్దున పదకొండు దాటింది. నేను ముందు గదిలో పేపర్లు దిద్దుతున్నాను. అవ్వ మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తోంది. వెనక గదిలోంచి అక్క గొంతు వినిపించింది. ఐదు నెలల తర్వాత మొదటిసారి.

"అయ్యో, నా కడుపు."

నేను లేవబోయాను. అంతలో సన్నటి గొంతు ఒకటి, దాని వెంటనే ఇంకోటి, అయ్యో నీ కడుపు అన్నాయి. వెక్కిరింపు కాదు. చిన్న పిల్లలు పెద్దవాళ్లను చూసి ఏడ్చినట్టుగా ఉంది. అక్క మళ్లీ అంది. అవి మళ్లీ అన్నాయి. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. నా చేతిలో ఎర్ర పెన్ను అలాగే ఉంది. నేను గదిలోకి పోలేదు. పోతే ఆగిపోతుందేమో అనిపించింది.

కాసేపటికి పెద్ద ఏడుపు వినిపించింది. అది అక్క ఒక్కదానిదే. అప్పుడు పరుగెత్తాను. మంచం మీద లేచి కూర్చుని ఉంది. గదిలో ఇంకెవరూ లేరు. కిటికీ మూసి ఉంది. ఆ రెండు బొమ్మలు ఆమె ఒళ్లో ఉన్నాయి.

మిద్దె మెట్లు దిగుతూ అవ్వ కేకేసింది. "ఎవలచ్చిండ్రు కొడుకా? పిల్లల గొంతులు ఇనబడ్డయి?"

నేను జవాబు చెప్పేలోపు అక్క కళ్లు తుడుచుకుని, "అవ్వా, ఆకలైతుందే," అంది. అవ్వ మిరపకాయల చేతులతోనే వంటింట్లోకి పరుగెత్తింది. పప్పన్నం పెడితే అక్క తానే కలుపుకుని తిని, పెద్ద చెంబుడు నీళ్లు తాగింది.

ఆ ఆదివారం కథ మార్చాను. పాతాళం చేరిన వీరులకు రాక్షసి బదులు, నేల మీద పడుకుని మూలుగుతున్న ఒక తల్లి ఎదురైంది. ఏ తలుపు కనబడ్డా ముందు తన్ని, తర్వాత ఆలోచించే మా ఖాజా చేతిలోని పాచికలు వేయకుండా కింద పెట్టాడు. తర్వాత, "కత్తి పక్కకు పెట్టిన. ఆమె పక్కన కూసున్న," అన్నాడు. వెనక గది తలుపు దగ్గర అక్క నిలబడి వింటోంది.

తర్వాత చాలా లెక్కలు వేసుకున్నాను. అక్క సొరుగు తీసి బొమ్మలు చూసి ఉండొచ్చు. ఆ గొంతులు ఆమెవే కావచ్చు, దుఃఖంలో మనిషి గొంతు ఎన్ని పోకలు పోతుందో ఎవరికి తెలుసు? కానీ ఆ మాటలు ఎక్కడివి? నేను చదివింది ఇంగ్లీషులో. ఆ భాగం ఎవరికీ చదివి వినిపించలేదు. పైన ఉన్న అవ్వకు పిల్లల గొంతులు ఎందుకు వినబడ్డాయి?

అక్క ఇప్పుడు జగిత్యాలలో బావ దగ్గరే ఉంది. కుట్టుమిషన్ పెట్టుకుంది. మొన్న పోయినప్పుడు ధైర్యం చేసి అడిగాను. ఆ రోజు నీతో మాట్లాడింది ఎవరక్కా అని.

బట్ట మీంచి తల ఎత్తకుండానే అంది. "నువ్వు గూడ ఇన్నవ్ గదా తమ్మీ. మల్ల నన్నెందుకు అడుగుతవ్?"

నిజమే, విన్నాను. ఏం విన్నానో మాత్రం ఇప్పటికీ తెలియదు.