ఊరబావిలో ఆకుపచ్చ నీళ్లు

గుట్ట రాతిలోకి దింపిన గొట్టంలో మగ్దలేనమ్మ రోజంతా నీళ్లు పోసేది. దాహమైతే మాత్రం కాంపు కుండ ముట్టుకోవద్దు, వాగుకు పోయి తాగి రావాలి. మాలవాడ మనిషి ముట్టిన నీళ్లు కాంపు మనుషులకు పనికిరావు, రాతికి మాత్రం పనికివస్తాయి. ఆమె కొంగుతో మొహం తుడుచుకొని వాగుదారి పట్టేది.

చెన్నూరు దిక్కున, ఇసుకరాతి గుట్ట కింద, ఆ కాంపు నిరుడు 1964లో వెలిసింది. ఎక్కడో దూరాన భూమి లోతుల్లో, పగిలిన రాళ్లలో పెట్రోలు తీసే నూనె ఉందట. నీళ్లు దించి దాన్ని పైకి నెట్టాలట. నీళ్లు ఏ పగులు వెంట పోతాయో లెక్కగట్టడానికి ఈ గుట్టను నమూనాగా తీసుకున్నారు. డేరాలో ఇంజినీరు అద్దాలపెట్టె ఒకటి పెట్టాడు. అందులో నూనె తాగించిన రాతిముక్కలు, వాటి మధ్య సందులు. గబగబా పోస్తే నీళ్లు సందుల్లోంచే పరుగెత్తి అవతలికి వచ్చేవి, నూనె రాళ్లలోనే ఉండిపోయేది. ఆగి ఆగి పోస్తే రాయి నీళ్లు పీల్చుకొని నూనె బొట్లు వదిలేది.

ఊరు ఇదేదీ నమ్మలేదు. "మనకు తాగ నీళ్లు లేవు, గుట్టకు తాపుతుండ్రు. నూనె దొరికిందంటే మన చెల్క భూములు పాయె" అనుకున్నారు. పెద్దరైతు హనుమండ్లు పటేలు రోజూ గట్టు మీద నిలబడి చూసేవాడు. ఆయన అనుమానం కాంపు మీద. కోపం చూపడానికి మాత్రం ఎదురు తిరగని మనిషి కావాలి.

నీళ్ల జాడ తెలియడానికి రంగు కలపడం మొదలుపెట్టారు. కాంపు మేస్త్రీ అంబదాస్ ఆ రంగుకు 'మందు' అని పేరు పెట్టాడు. అతనిది మరాఠీ కలిసిన తెలుగు.

"అక్కా, మందు హళూహళూ, మెల్లగ పొయ్. రాయికి అజీర్తి అయితది."

"రాయికి అన్నీ అరుగుతయి మేస్త్రీ. అరిగేది నా నడుమే" అనేది మగ్దలేనమ్మ.

కొన్నాళ్లకు ఊరబావి నీళ్లు ఆకుపచ్చగా మారాయి. గుట్ట పక్కనే ఉన్న మాలవాడ బావి తేటగానే ఉంది. హనుమండ్లు జనాన్ని వెంటబెట్టుకొని వచ్చాడు.

"ఏమే మగ్దలేనా, మా బాయిల ఏం కలిపినవ్?"

"బాయి కాడికి నన్నెన్నడు రానిచ్చిండ్రు పటేలా?"

"మరి నీళ్లెట్ల మారినయి?"

"గీ గొట్టంల మందు పోసిన. గదేమన్న అటు వచ్చిందేమో."

జనం ఒక్కసారి కదిలారు. కాంపులో మందంటే రంగు. ఊళ్లో మందు పోయడమంటే ప్రాణం తీయడం.

"విన్నరా? నోటితోనే ఒప్పుకున్నది. మీ బాయి దగ్గర, మా బాయి దూరం. దగ్గరిది ఇడిసిపెట్టి దూరందాంట్లకు నడిచొచ్చిందా నీ మందు?"

"రాయి లోపటి తొవ్వ నాకేం ఎరుక పటేలా."

ఎరుకైన మనిషి డేరా గుమ్మంలోనే ఉన్నాడు. నీళ్లకు దగ్గరా దూరం లేదు, పగులు ఎటుంటే అటే పోతాయి. ఇంజినీరు ఆ ఒక్క మాట చెబితే చాలు. చెబితే బావి చెడగొట్టింది కాంపేనని ఒప్పుకున్నట్టవుతుంది. "పైవాళ్లను అడిగి చెబుతాను" అని లోపలికి పోయాడు.

"గది ఉత్త రంగు పటేల్, తాగినా ఏం కాదు" అన్నాడు అంబదాస్.

"అయితే నువ్వు తాగు."

అంబదాస్ తాగలేదు. అది ఉత్త రంగేనా అన్న అనుమానం ఊరొక్కదానికే కాదు, ఇది రాస్తున్న నాకూ ఉంది.

మగ్దలేనమ్మను పనిలోంచి కాంపు తీసేసింది. ఆమె పెనిమిటి అహరోనును పొలం పనికి ఎవరూ పిలవడం లేదు. వాళ్లను ఊళ్లో ఉంచాలో వెళ్లగొట్టాలో వచ్చే గురువారం బడి ముందు పంచాయతీ తేలుస్తుందట.

"పోయేటోళ్లు కాంపోళ్లు. నేనెందుకు పోవాలె?" అంటోంది ఆమె.

జమ్మికుంట నుంచైనా జగిత్యాల నుంచైనా, ఇది చదివినవాళ్లు గురువారం రండి. పంచాయతీ ఆమెను అడిగే ముందు ఇంజినీరును అడగాలని పట్టుబడదాం. ఆ రంగు ఏమిటో, ఎవరు పోయమంటే ఆమె పోసిందో ఊరందరి ఎదుట చెప్పేదాకా డేరా ముందు నుంచి లేవొద్దు. రాలేనివాళ్లు ఇదే అడుగుతూ ఈరోజే కలెక్టరుకు ఒక కార్డు రాయండి.