మా ఆయన పల్లె సంబరం

మా ఆయన పుట్టిందీ పెరిగిందీ హైదరాబాద్‌లోనే. సెలవులకు వెళ్లడానికి ఆయనకు ఊరంటూ లేదు. ఆ లోటు తీర్చుకోవడానికే నన్ను చేసుకున్నాడేమోనని నాకు అప్పుడప్పుడు అనుమానం వస్తుంది. పోయిన మార్చిలో ఒక గురువారం ఇద్దరం సెలవు పెట్టి, ఆర్మూర్‌లో బస్సు దిగి, నందిపేట్ వైపు వెళ్లే ఆటో ఎక్కాం. ఆ దారిలోనే మా అక్కను ఇచ్చిన ఊరు.

ఆటో కదలకముందే ఆయన మొదలుపెట్టాడు. “ఈ నాలుగు రోజులు కట్టెల పొయ్యి మీద వండిందే తింటా. బోరు మోటార్ కింద కూర్చుని స్నానం చేస్తా. ఎంత సింపుల్ లైఫ్ అసలు!”

“ఎవరి లైఫ్?” అన్నాను. వినిపించుకోలేదు.

మా బావ దుబాయ్‌లో డ్రైవర్. రెండేళ్లకోసారి వస్తాడు. కూతురు నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పసుపు, వరి, ఇల్లు అన్నీ అక్కే చూసుకుంటుంది. మేం వెళ్లేసరికి పసుపు తవ్వడం, ఉడకబెట్టడం అయిపోయి, ఇంటి వెనక కళ్లంలో ఆరబోసి ఉంది. అది సమంగా ఆరాలంటే రోజూ కొమ్ముల్లో కాళ్లు ఈడ్చుకుంటూ నడిచి తిరగేస్తూ ఉండాలి. అక్క పాదాలు చీలమండల దాకా పచ్చగా ఉన్నాయి.

మేం వస్తున్నామని అక్క కూలర్ కడిగి, నీళ్లు నింపి, మంచం పక్కన పెట్టింది. బావ కిందటిసారి వచ్చినప్పుడు కొన్నది. దాన్ని మాకు చూపించాలని ఆమె సరదా. మా ఆయన దాని వైపు కూడా చూడలేదు.

“వదినా, కట్టెల పొయ్యి లేదా?” అన్నాడు.

అక్క ఒక్క క్షణం తెల్లబోయింది. “ఉన్నది మరిదీ, పెరట్ల. నీళ్లు కాగవెట్టుకునుడే, వండి మస్తు రోజులైంది. ఎందుకు?”

ఎందుకో ఆయన వివరించాడు. కట్టెల మీద కాల్చిన జొన్న రొట్టె రుచే వేరన్నాడు. పక్కన రోట్లో నూరిన పచ్చడి ఉంటే ఇంకేం అక్కర్లేదన్నాడు. వంటింట్లో మూడు బర్నర్ల గ్యాస్ పొయ్యి, మిక్సీ తళతళలాడుతున్నాయి. అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని పెరట్లోకి నడిచింది.

నేను వెనకే వెళ్లాను. “అక్కా, పిచ్చా నీకు? ఆయన అడిగితే మాత్రం చెయ్యాల్నా?”

“ఊకోవే. ఇంటికొచ్చిన అల్లుడు. నోరు తెరిచి అడిగినంక లేదంటమా?”

అల్లుడట! మావాళ్లల్లో అల్లుడు అనే మాటకు ఎదురుండదు. కట్టెలు సరిగా ఎండలేదు. అక్క ఊదుతుంటే కళ్లెమ్మట నీళ్లు కారాయి, నేను రొట్టెలు తడుతుంటే దగ్గు వచ్చింది. ఆయన మాత్రం కొంచెం దూరంగా పీట వేసుకుని ఫోన్లో వీడియో తీస్తున్నాడు. పొగ తగలకుండా గాలి వాటం చూసుకుని మరీ కూర్చున్నాడు. రొట్టె విరిచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. “ఇదీ బతుకంటే” అన్నాడు. పిండి చేత్తోనే ఒకటి ఇవ్వాలనిపించింది.

మర్నాడు పాల గొడవ. అక్క బర్రెను అమ్మేసి చాలా కాలమైంది. కిరాణా కొట్లో ప్యాకెట్ పాలు కొంటుంది. ఆ ప్యాకెట్ చూసి మా ఆయన మొహం చిన్నబోయింది. “ఊళ్లో కూడా ప్యాకెట్టేనా?” అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు. అంతే, ఆ సాయంత్రం నుంచి అక్క గిన్నె పట్టుకుని ఊరి చివరి దాకా నడిచి బర్రె పాలు తేవడం మొదలైంది. నేను తెస్తానంటే వద్దంది. “నీకు కుక్కలు అలవాటు లేదు” అంది. ఆ పాలు తాగినవాడికి కడుపు ఉబ్బరం చేసింది. అప్పుడు అక్క వాము కషాయం పెట్టింది. అదీ కట్టెల పొయ్యి మీదే, ఎందుకంటే ఆయనకు అలాగే ఇష్టమని అప్పటికే ఆమె ఖాయం చేసుకుంది.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. అడిగేవాడి మీదా, చేసేదాని మీదా? ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. మధ్యలో మసి గిన్నెలు తోముతున్నది నేను.

శనివారం మధ్యాహ్నం పక్కపక్కన కూర్చుని పసుపులో తాలు ఏరుతుంటే అక్క తల ఎత్తకుండానే అంది. “ఆర్మూర్ల మండి హోటల్ పెట్టిన్రు, ఎరుకేనా? కింద పరుపులేసి కూసోవెడతరట. పెద్ద పళ్లెంల అన్నం, కోడి పెడితే అందరు కలిసి తినుడట. మీ బావ ఫోన్ జేసినప్పుడల్లా, ఇయ్యాల మండి తిన్నం, ఇయ్యాల మండి తిన్నం అంటడు. అదెట్లుంటదో సూడాల్నని.”

“మరి పోకపోయినవా?”

“ఒక్కదాన్ని ఏం పోత? నువ్వొస్తే పోదామనుకున్న. గీ రొట్టెల్ల వడి యాదిమర్చిన.”

నాకు ఒళ్లు మండింది. మూడు రోజులుగా అక్క మనసులో పెట్టుకుని ఒక్క ముక్క చెప్పలేదు. నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్లి, రేపు నేనూ అక్కా ఆర్మూర్ వెళ్తున్నాం, ఇల్లు, కళ్లం నీవే అన్నాను. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. “పసుపు తిరగేయడమేగా? హాయిగా చేస్తా. వంట కూడా నేనే చేసుకుంటా, పొయ్యి మీద” అన్నాడు.

ఆదివారం అక్క పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. హోటల్లో పరుపు మీద ఎలా కూర్చోవాలో తెలియక మొదట ఒక అంచున కూర్చుంది, తర్వాత కాళ్లు మడిచి హాయిగా జరిగింది. పళ్లెం రాగానే బావకు వీడియో కాల్ చేసింది. ఆదివారం బావకూ సెలవే.

“సూడు, మేం గూడ తింటున్నం” అంది అక్క ఫోన్ తిప్పి చూపిస్తూ.

బావ పరీక్షగా చూశాడు. “గదేం మండి? బియ్యం గట్లుండయి. ఈడ పొడుగ్గ ఉంటయి.”

“మంచిది, నువ్వు పొడుగుయి తిను” అని అక్క ఫోన్ పెట్టేసింది. తర్వాత చాలాసేపు నవ్వింది. అలా నవ్వడం నేను చూసి ఎన్నాళ్లో అయింది. కానీ రెండు ముద్దలు తిన్నదో లేదో, “పాపం, మరిది ఏం తింటున్నడో” అంది.

“అక్కా, తింటవా, లేదా?”

తింది. కోడి ముక్క నా వైపు తోసి, మళ్లీ తనే లాక్కుని తింది. మిగిలింది కట్టించి, ఐస్‌క్రీమ్ చెప్పాం. అప్పుడు ఫోన్ మోగింది.

“వదినకు ఇవ్వు” అన్నాడు మా ఆయన. గొంతులో కంగారు. “వదినా, మబ్బు పట్టింది. గాలి కూడా వస్తోంది. ఏం చేయాలి?”

“కుప్ప జేయుండ్రి మరిదీ! కొట్టంల తాడ్‌పత్రి ఉన్నది, గది కప్పుండ్రి!”

“తాడ్‌పత్రి అంటే?”

“నీలి రంగు కవర్!” అని నేను అరిచాను. పక్క పరుపుల వాళ్లు తిరిగి చూశారు.

ఐస్‌క్రీమ్ వదిలేసి పరుగెత్తాం. ఆటో నిండితే గానీ కదలనన్నాడు డ్రైవర్. ఇద్దరి చోటు ఖాళీగా ఉంది. ఆ చోటు డబ్బులు కూడా మేమే ఇస్తామంటే, వెనక సంచులతో వస్తున్న ముసలావిడను చూపించి, ఆమెను వదిలేసి ఎలా పోతానన్నాడు. ఆమె నింపాదిగా వచ్చింది. ఈలోపు మా ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. కుప్ప చేయడానికి పార ఎక్కడుందని ఒకసారి, గాలికి కవర్ ఎగిరిపోతోందని ఒకసారి. దారిలో చినుకులు మొదలయ్యాయి. అక్క హోటల్ పొట్లం ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

మేం చేరేసరికి వాన వెలిసింది. పసుపు చాలావరకు కుప్పగా ఉంది, దాని మీద కవర్ ఉంది, కవర్ అంచుల మీద రాళ్లు, ఒక వైపు మా ఆయన, మరో వైపు పక్కింటి అవ్వ ఉన్నారు. కళ్లం చివర ఎత్తలేకపోయిన కొమ్ములు నీళ్లలో నానుతున్నాయి. ఆయన తెల్ల లాల్చీ మోకాళ్ల దాకా పచ్చబడింది, మోచేతుల దాకా పసుపు, జుట్టులోనూ పసుపే.

“నేను రాకుంటే మొత్తం పోతుండె” అంది అవ్వ. “కవర్ బోర్ల కప్పుతున్నడు.”

ఆయన నా వైపు చూడలేదు. “కొంచెం తడిసింది వదినా, సారీ” అన్నాడు.

“అయ్యో, మీరు లేకుంటే అంత కూడ దక్కకపోవు” అంది అక్క. అని ఊరుకుందా? స్నానానికి వేడి నీళ్లు పెడతానని పెరట్లో పొయ్యి వైపు కదిలింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, గ్యాస్ మీద పెట్టాను. గ్యాస్ పక్కనే ఖాళీ నూడుల్స్ ప్యాకెట్ కనిపించింది. కట్టెలు అంటుకోలేదని చెప్పాడు ఆయన.

ఆ సాయంత్రం మండి పొట్లం విప్పి ముగ్గురం తిన్నాం, అవ్వకు కూడా పెట్టాం. అవ్వకు నచ్చలేదు. కారం లేదంది.

సోమవారం పొద్దున బస్సుకు బయలుదేరాలి. కానీ తడిసిన పసుపును వెంటనే మళ్లీ పరవకపోతే బూజు పడుతుంది, అక్క ఒక్కతే అంత చేయలేదు. మా ఆయన అప్పటికే ప్యాంటు మడిచి కళ్లంలోకి దిగాడు, నన్ను అడగకుండానే ఇంకో రోజు ఉందామని అక్కకు మాటిచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి మా మేనేజర్‌కు ఫోన్ చేసి, ఇంకొక్క రోజు సెలవు కావాలన్నాను. ఎందుకని అడిగారు. పసుపు తడిసిందని చెప్పాను.

మేనేజర్ నవ్వారు. “ఊళ్లో ఉన్నారా? అదృష్టవంతులండీ. ఎంజాయ్ చేయండి, ఎంజాయ్ చేయండి.”

ఫోన్ పెట్టేసి, చెప్పులు గుమ్మంలో విడిచి, నేనూ పసుపులోకి దిగాను.