నాయన ఒప్పుకున్న పన్ను తగ్గింపు

మొన్న బెంగళూరు బస్సులో నా వెనక సీటాయన ఫోనులో అరుస్తున్నాడు: "అమ్మ ఆస్పత్రి బిల్లు నోట్లిచ్చి కట్టొద్దప్పా, ట్యాక్సులో చూపించుకోలేం!" నాకు నవ్వాగలేదు. ఇంట్లో ఉన్న మా నాయన గుర్తొచ్చాడు.

నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసిన మనిషి. అమ్మ పోయి, మోకాళ్ళు మొరాయించాక హిందూపురంలో నా దగ్గరికి తెచ్చుకున్నాను. వచ్చాడే గానీ, కూతురింట్లో తింటున్నానన్న నామోషీ ఆయన్ను వదల్లేదు. ఆ వయసుకు ఆరోగ్య బీమా ఎవరూ ఇవ్వలేదు. ఆయన వైద్యం ఖర్చు నేను భరిస్తే, పాత పద్ధతిలో పన్ను కట్టే నాబోటి టీచరుకు కొంత తగ్గింపు ఉంటుంది. ఒకటే షరతు, నోట్లిచ్చి కట్టకూడదు. సరిగ్గా అదే మా నాయనతో కుదరని పని! నేను ఫోను తీసేలోపే రొంటిన దోపుకున్న నోట్లు తీసి, కళ్ళకద్దుకుని, డాక్టరమ్మ చేతిలో పెట్టేసేవాడు. చీర నేసినోడికి కూలి చేతిలో పడితేనే కూలి, పని చేసిన మనిషికి చేతికియ్యక, గోడమీది క్యూఆర్ గళ్ళబొమ్మకు ఫోను చూపించి పోతామా అని ఆయన వాదం. ఆమె కూడా ముసిముసిగా నవ్వి పుచ్చుకునేది.

ఒకరోజు ఒళ్ళు మండి, "నీ ఖర్చు నా ట్యాక్సులో చూపించుకోవాల నాయనా, ఈసారన్నా నన్ను కట్టనీ" అన్నాను. అంతే! ఇంటికి రాగానే సంచి సర్దడం మొదలుపెట్టాడు. "కూతురి కూడు తిని బతుకుతాండాడని సర్కారు కాగితాల్లో రాపిస్తావా? నేను ధర్మవరం పోతాండా." అక్కడ ఆయనకు కాసిన్ని కాఫీ నీళ్ళిచ్చే దిక్కు కూడా లేదు.

ఏం చేయాలో తోచక ఎదురింటి ఆడిటరును పిలుచుకొచ్చాను. ఆయన సంచి పక్కనే చతికిలబడి, "పెద్దాయనా, నువ్వు ఆమె మింద ఆధారపడినావని యాడా రాయరు. నీకు సొంత దుడ్లు ఉన్నా సరే, ల్యాకున్నా సరే. కొడుకా కూతురా అని గూడా చూడరు. ఆమెను కట్టనిస్తే ఆమెకే లాభం" అన్నాడు.

నాయన తువ్వాలు మడవడం ఆపాడు. "అంటే, నావల్ల పాపకు దుడ్లు మిగుల్తాయా?"

"మిగుల్తాయి."

"ఇంతసేపూ ఈ మాట చెప్పవేమే!" అని నన్నే కసిరాడు. పంచెలు మళ్ళీ బీరువాలోకి ఎక్కాయి.

ఇప్పుడు ఆస్పత్రిలో ఆయన దర్జా చూడాలి! "మా పాపే కడుతుంది. నాకు ల్యాక కాదు తల్లీ, దానికి ట్యాక్సు తగ్గల్లని ఒప్పుకున్యా" అని కనబడిన నర్సుకల్లా చెబుతాడు. నేను ఫోను ఎత్తి పట్టుకుంటే పక్కన నిలబడి అజమాయిషీ చేస్తాడు. నన్ను పెంచి చదివించినన్నాళ్ళూ ఆయనకెవరూ ఏ తగ్గింపూ ఇవ్వలేదు. ఆయన్ను చూసుకునే కాలం నా వంతుకు వచ్చేసరికి, ఆ కాస్త భారమూ ఆయనే తగ్గించేస్తున్నాడు.