తేరు మా వాడలోకి దిగిన ఏడు

నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ కోపమే నన్ను లా చదివించిందని మా అవ్వ అంటుంది. కావచ్చు. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. మాది లక్సెట్టిపేట వైపు గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. ఆరేడేళ్లప్పుడు నరసింహస్వామి తేరు చూడ్డానికి పోయి, నేల మీద పడి ఉన్న పగ్గం కొస మీద కాలు వేశాను. తేరును లాగే మోకును మేం పగ్గం అంటాం. నన్నెవరూ కొట్టలేదు, తిట్టను కూడా లేదు. పసుపు నీళ్లు తెప్పించి ఆ పగ్గాన్ని కడిగారు. అది ఆరేదాకా ఊరు ఊరంతా ఎండలో నిలబడింది. తేరు ముందు డప్పు పట్టుకుని మా బాపు కూడా నిలబడ్డాడు. ఆయన ఒక్కసారి కూడా నావైపు చూడలేదు.

మా ఊళ్లో దేవుడు గుడి గడప దాటాలంటే ముందు డప్పు మోగాలి. ఆ డప్పు మా ఇంటిది. మా తాత కొట్టాడు, తర్వాత బాపు కొట్టాడు. అందుకే గుడి తరఫున మాకు అరెకరం మెట్ట చెలక ఉంది. డప్పు ఆగితే చెలక పోతుంది, అది అందరికీ తెలిసిన సంగతి. ఇంతకూ ఆ డప్పు తోలు దేవుడి ముందు నడవొచ్చు గానీ, దాన్ని కొట్టే చెయ్యి పగ్గాన్ని ముట్టకూడదు. తేరు కూడా మా వాడ మొదట్లో ఉన్న పోచమ్మ గుడి దగ్గరే మలుపు తిరిగి వెనక్కి పోయేది. ఈ న్యాయం నాకు ఏనాడూ అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలన్న కోరిక కూడా లేదు.

కరీంనగర్‌లో ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా కుదురుకున్నాక నేను చేసిన మొదటి సొంత పని ఈ కేసు. మా వాడవాళ్ల చేత సంతకాలు పెట్టించి హైకోర్టులో పిటిషన్ వేశాం. తేరు మా వాడకూ రావాలి, పగ్గం మేమూ పట్టాలి. మేం అడిగింది అంతే. బాపు మాత్రం సంతకం పెట్టలేదు. "నా పేరు రాయకు బిడ్డా, నేను గిట్లనే మంచిగున్న," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయనకు భయం కాదు, అలవాటైపోయిందని అందరితో చెప్పుకుంటూ తిరిగాను. ఆయనకున్నది భయమేనని, దానికి కారణాలున్నాయని తర్వాత గానీ తెలియలేదు.

ఉత్తర్వు మాకు అనుకూలంగా వచ్చింది. తేరు మా వాడకు రావాలి, పగ్గం పట్టే వాళ్లను ఎవరూ ఆపకూడదు, పోలీసులు బందోబస్తు ఇవ్వాలి.

మా దిక్కు ప్రతి ఊరికీ ఒక గ్రామ కమిటీ ఉంటుంది. కులానికొకరు కూర్చుంటారు, మాట మాత్రం ఒక్కరిదే చెల్లుతుంది. మా ఊళ్లో ఆ మాట చెల్లే మనిషి పాత పటేళ్ల ఇంటి పెద్దాయన. బాపు ఆయన్ను పటేలా అంటాడు. నేను వరస కలిపి కాకా అంటాను, అది నా పొగరు. కమిటీ రమ్మంటే ఉత్తర్వు పట్టుకుని పోయి, బ్యాంకు మేనేజరు ముందు సర్టిఫికెట్లు పరిచినట్టు పరిచి, గొంతు పెంచి చదివాను. ఇంగ్లిషులో ఒక వాక్యం, తెలుగులో దాని అర్థం. పోటీలో బహుమతి గెలిచిన పిల్లలా ఉన్నానేమో. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

"మళ్లొక్కసారి సదువు బిడ్డా. జర నిదానంగ," అన్నాడు పెద్దాయన.

మళ్లీ చదివాను.

"అంటె తేరు మీ వాడకు రావాలె. పగ్గం మీరు వట్టుకోవాలె. ఎవ్వలు అడ్డం రావద్దు. గంతేనా?"

"గంతే కాకా."

"ఇంకేం రాయలే గదా?"

"రాయలే."

"మంచిగున్నది. గా కాగితం జిరాక్స్ ఒకటియ్యి. కోర్టు మాట కాదంటమా?"

నా సంచిలో అయిదు కాపీలున్నాయి. ఒకటి తీసి నా చేతులతో ఆయన చేతిలో పెట్టాను. పెడుతూ నవ్వాను కూడా.

ఇంటికి నడుస్తుంటే బాపు అడిగాడు. "ఏమనలేదేందే?"

"ఏమంటడు బాపూ? హైకోర్టు."

"తిడితె భయం లేకుండె. నలభై ఏండ్ల సంది గాయన ముంగట నడుస్తున్న. ఏమనకుంటెనే నాకు పరేషానైతది."

ఆ తర్వాత ఊరు మాతో మర్యాదగా ఉండడం మొదలుపెట్టింది. అంతకు మించి ఏమీ జరగలేదు. మాకు ఎప్పుడూ కాగితం గ్లాసులో చాయ్ పోసే హోటలతను నాకు గాజు గ్లాసులో పోసిచ్చాడు. కమిటీ జేసీబీ పంపి మా వాడ దారి చదును చేయించింది, మొరం పోయించింది. తేరు శిఖరానికి తగలకుండా కరెంటు తీగలు పైకి కట్టించింది. పెద్దాయన స్వయంగా గొడుగు వేసుకొచ్చి మా దారిలో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు నడిచాడు. మా వాడ పల్లంలో ఉంటుంది. వాన పడితే ఊరి నీళ్లన్నీ చివరికి మా గడపల్లోకే వస్తాయి. ఆయన మొరం సరిపోతుందా అని చూస్తున్నాడని నేను అనుకున్నాను. రాత్రి తిండి దగ్గర ఆ మాటే చెబితే బాపు ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

తేరు రోజు మధ్యాహ్నానికి మలుపు దగ్గరికి వచ్చింది. వందల మంది లాగుతున్నారు. ముందు బాపు డప్పు. కమిటీ తరఫున ఇద్దరు ఫోన్లలో వీడియో తీస్తున్నారు. "మంచిగ రావాలె, రేపు జడ్జి సారు చూస్తడు," అని పెద్దాయన వాళ్లకు చెప్పడం నా చెవిన పడింది. పోచమ్మ గుడి దగ్గర తేరు ఆగింది. పగ్గాన్ని నేల మీద పెట్టి, జనం రెండు పక్కలకూ జరిగి మాకు దారి ఇచ్చారు. వాలులో తేరు జారకుండా చక్రాల కింద మొద్దులు వేసే వడ్రంగి, మా వడ్లాయన, ఆ మొద్దులను మావాళ్ల చేతికిచ్చి, "ఇగ మీరే చూసుకోండ్రి," అన్నాడు.

మేం పగ్గం పట్టుకున్నాం. ఆ నిమిషం గురించి అబద్ధం చెప్పను, అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు. మా అవ్వ పట్టుకుంది, ముసలివాళ్లు పట్టుకున్నారు. వాలు దారి కదా, తేరు సులువుగా కదిలింది. మొద్దులు వేస్తూ తీస్తూ దించాం. ప్రతి గడప ముందు కొబ్బరికాయ కొట్టారు, చక్రాల ముందు నీళ్లు పోశారు. వాడ చివరిదాకా పోయి, అక్కడి ఖాళీ జాగాలో నానా తిప్పలు పడి తేరును తిప్పాం. తలెత్తి చూస్తే పైన మలుపు దగ్గర ఎవరూ లేరు. ఊరు మొత్తం ఇళ్లకు పోయింది.

మా వాడలో సగం మంది మగవాళ్లు బొంబాయిలోనో దుబాయిలోనో ఉంటారు. మిగిలిన వాళ్లం, ఆడా మగా కలిసి లాగాం. అరచేతులు చీరుకుపోయాయి. ఎక్కుడు దారిలో తేరు మూరెడు కూడా రాలేదు. మా వాడ మొత్తానికి ఉన్నది ఒక ఆటో. ట్రాక్టర్లున్న వాళ్లను అడిగితే అందరికీ ఒకేసారి డీజిల్ అయిపోయింది. బందోబస్తుకు వచ్చిన ఎస్ఐ దగ్గరికి పోయాను.

"ఎవరన్న ఆపుతున్నరా మేడం?"

"లేదు."

"మరి నేనేం జెయ్యాలె? జనాన్ని ఇండ్లల్లకెంచి గుంజుకొచ్చి పగ్గం వట్టియ్యమంటరా?"

ఆయన్ను తప్పు పట్టలేను. నేను మళ్లీ పగ్గం దగ్గరికి తిరిగొచ్చాను.

దీపాలు పెట్టేలోపు దేవుడు గుడికి చేరాలి. అది మా ఊరి ఆచారం. పొద్దు వాలుతుంటే తేరు మీద కూర్చున్న అయ్యగారు ఉత్సవ విగ్రహాన్ని చేతుల్లోకి తీసుకుని మెల్లగా కిందికి దిగాడు. ఎవరి ముఖమూ చూడలేదు. బాపు దగ్గరికి వచ్చాక మాత్రం ఆగి, "డప్పు," అన్నాడు. పైన మలుపు దగ్గర పెద్దాయన మళ్లీ కనిపించాడు. పక్కన ఫోన్లు పట్టుకున్న ఇద్దరూ ఉన్నారు.

"పోకు బాపూ," అన్నాను.

"దేవుడు నడిబజార్ల ఉండద్దు బిడ్డా. దేవుని మీద మనకేం పంతం?"

డప్పు మెడలో వేసుకుని కొడుతూ ముందు నడిచాడు. దేవుడు ఆయన వెనక వెళ్లిపోయాడు. ఖాళీ తేరు మా దగ్గర మిగిలింది. ఆ సాయంత్రం నేను మా బాపును అసహ్యించుకున్నాను. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా నిజం.

కోర్టు ధిక్కారం కేసు వేసి మళ్లీ హైకోర్టుకు పోయాం. అవతలి వకీలు వీడియో చూపించాడు. జనం దారి ఇస్తున్నారు. మేం నవ్వుతూ పగ్గం పట్టుకున్నాం. తేరు మా వాడలోకి వస్తోంది. చివరికి మా బాపే డప్పు కొడుతూ దేవుణ్ణి గుడికి తీసుకుపోతున్నాడు. ఇందులో ఎవరు ఎవరిని ఆపారని జడ్జి గారు అడిగారు. ఎవరూ ఆపలేదు. పిటిషన్ కొట్టేశారు. ఆయన చూసిన దాంట్లో నిజంగానే నేరం లేదు.

తేరును తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. వానాకాలమంతా మా వాడ చివర తడిసింది, పలకలు ఉబ్బి విచ్చుకున్నాయి. ఊళ్లో కొత్త తేరు చేయడానికి నిర్మల్ దిక్కు నుంచి వడ్లవాళ్లను పిలిపించారు. పాతది మైలపడిందని ఎవరూ అనలేదు. అలా అంటే కేసవుతుందని ఇప్పుడు వాళ్లకు తెలుసు. పాతబడిపోయిందన్నారు, అంతే. కొత్తది కూడా మా వాడకు తప్పకుండా వస్తుందని పెద్దాయన నాకు తనే ఫోన్ చేసి చెప్పాడు. "కోర్టు మాట కాదంటమా బిడ్డా, ఫికర్ జెయ్యకు," అన్నాడు.

మరుసటి ఏడు తేరు జాతర ఇంకా పన్నెండు రోజులుందనగా ఒక పొద్దున ఆయన మా గడప ముందుకు వచ్చాడు. మా ఇంటికి రావడం అదే మొదటిసారి. కొబ్బరికాయ, తమలపాకులు అరుగు మీద పెట్టాడు. డప్పుకు పిలిచే పద్ధతి అదే, ఇన్నేళ్లూ కమిటీ మనిషి ఎవరో వచ్చి పిలిచేవాడు. బాపు లేచి నిలబడ్డాడు.

"ఈసారి డప్పు గొట్టను పటేలా. పగ్గం వట్టుకుంట."

"పగ్గం ఎవ్వలొద్దన్నరు? వట్టు. డప్పు గూడ కొట్టు."

"రెండు చేతులే ఉన్నయి పటేలా."

పెద్దాయన చెలక మాట ఎత్తలేదు, ఎత్తాల్సిన పని లేదు. వంగి, అరుగు మీది కొబ్బరికాయను, ఆకులను తిరిగి తీసుకుని కండువాలో పెట్టుకున్నాడు. "నీ ఇష్టం," అని వెళ్లిపోయాడు.

ఏళ్లుగా నేను వినాలనుకున్న మాట బాపు అన్నాడు. నా నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే. "బాపూ, గీ ఒక్క ఏడు డప్పు కొట్టు. అప్పీలు ఏసినం గదా, గది తేలనియ్యి."

బాపు నన్ను చూశాడు. కోపంగా కాదు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. "నువ్వు కూడా గంతేనా బిడ్డా?" అని లోపలికి పోయాడు.

మధ్యాహ్నం కిరాణా దుకాణానికి పోయిన అవ్వ ఖాళీ సంచితో తిరిగొచ్చింది. కందిపప్పు అయిపోయిందన్నారట. నిండు బస్తా ఆమె ముందే మూతి విప్పి ఉందట.