రెండు గ్లాసుల్లో వర్తూరు మన్ను

బెంగళూరులో మా వీధికి మంచినీళ్ళ పైపు వేసేటప్పుడు వర్తూరు రోడ్డును తవ్వలేదు. అడుగున సన్నని బెజ్జం చేసి, దాన్ని వెడల్పు చేసుకుంటూ పైపును యంత్రంతో లాగుతున్నారు. యంత్రం లోపలికి పంపే బురదనీళ్ళు తెగిన మన్నును మోసుకుని రోడ్డు పక్క గుంటలోకి తిరిగి రావాలి. సగం దూరంలో అవి రావడం ఆగిపోయింది. చెరువు పక్క నేల, తడి తగిలితే ఉబ్బి ఇనుముకు పట్టేస్తుంది. పైపు ఇరుక్కుంటే రోడ్డు కోయక తప్పదు. కోయాల్సిన చోటే ఒకావిడ ఇడ్లీ బండి. అది కదిలితే మళ్ళీ ఆ చోటు దక్కదని ఆమె భయం.

యంత్రం నడిపే కర్నూలు కుర్రాడు బెంటొనైట్ అనే బంకమన్ను పొడి బస్తాలు చూపించాడు. "అన్నా, ఇంకో నాలుగు బ్యాగులు కొట్టు. థిక్ అయితే ప్రెషర్‌కి అదే వచ్చేస్తుంది."

బురద కలిపేది పాత బెంగళూరు మనిషి, యాభై దాటినాయన. "లోపల బంకమన్ను కావల్సినంత ఉండాది. మళ్ళా బంకమన్నే పోస్తే ఎట్లప్పా? సుమ్నే, ఊరికే ఉండు," అన్నాడు. బండి దగ్గరికొచ్చి రెండు గాజు గ్లాసులు అడిగాడు.

"టీకా, మన్నుకా?"

"మన్నుకే అక్కా. చక్కెర వద్దు."

రెండింటిలో చెరో మన్నుగడ్డ వేశాడు. ఒకదానిలో ట్యాంకర్ నీళ్ళు. రెండోదానిలో అవే నీళ్ళు, కాస్త సోడా పొడి, చిటికెడు పాలిమర్. కాసేపటికి మొదటి గడ్డ జావైంది. రెండోది విరిగిన అంచులతో అలాగే నిలబడింది. పాలిమర్ మన్నుకు పొరలా పట్టి, నీళ్ళు తాగనివ్వదట.

తొట్టిలో కొత్తది కలపడానికి గంట పట్టింది. ముందు నీళ్ళ కటువు పోవడానికి సోడా. తర్వాత పాలిమర్, ఉండ కట్టకుండా, చల్లినట్టుగా. చివర ఇనుముకు మన్ను పట్టకుండా జారుడు ద్రవం. ఎవరు తొందరపెట్టినా ఆయన చెయ్యి వేగం పెరగలేదు. రోడ్లు తవ్వినప్పుడల్లా పత్రికలో వార్త రాశాను. ఇలాంటి చెయ్యిని ఒక్కసారీ చూడలేదు.

"లాగొద్దు. ఊరికే తిప్పు," అన్నాడు కుర్రాడితో, కొత్త బురదను లోపలికి పంపుతూ.

చాలాసేపటికి గుంటలోకి పల్చటి బురద వచ్చింది. అందులో మన్ను ముద్దలుగా కాదు, కత్తిరించిన తునకలుగా. కుర్రాడు తల గోక్కున్నాడు. "అన్నా, నా నాలుగు బ్యాగులూ వేస్ట్ ఐడియానే."

"బస్తాలు మిగిలె గదప్పా."

అప్పుడు లాగారు. సాయంత్రం నాలుగున్నరకు నల్లపైపు మూతి గుంటలో కనిపించింది. ఇడ్లీ బండి ఆవిడ వంగి చూసి, "అంతేనా? ఇంక తవ్వరు గదా?" అని రెండుసార్లు అడిగింది.

"తవ్వరక్కా."

ఆమె రేపటికి పప్పు నానబెట్టడానికి ఇంటికి బయలుదేరింది.