నల్లరాతి మీద విజేత

నాకు అవార్డు రాలేదని ముందే చెప్పేస్తాను. చిన్న ఊళ్లలో ప్రాక్టీసు చేసే చార్టర్డ్ అకౌంటెంట్లకని ఒక సంస్థ పెట్టిన పోటీ అది. నంద్యాలలో మా ఆఫీసు ఒక మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఉంది. ఒక మధ్యాహ్నం మెయిల్ వచ్చింది, చివరి ముగ్గురిలో నేనూ ఉన్నానని. రెండుసార్లు చదివి, చేతిలో ఉన్న జీఎస్టీ రిటర్ను పూర్తిచేసి, సాయంత్రం ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను.

"ఫైనలిస్టు అంటే ఏందే?" అంది అమ్మ.

"ముగ్గురిని ఏరినారు. అందులో ఒకరికి ఇస్తారు."

"నీకే ఇస్తార్లే," అని ఫోన్ అందుకుంది.

ఆ వారంలోనే ఆళ్లగడ్డ నుంచి శిల్పి వచ్చాడు. గుళ్లకు విగ్రహాలు చెక్కే ఆయన నా పాత క్లయింటు. దేవుడి పని చేసేవాడికి ఆదాయప్పన్ను ఏందని ఏటా అడుగుతాడు. ఏటా చెబుతాను. ఏటా కడతాడు.

"అవార్డు వచ్చినాదంట గదమ్మా?"

"ఇంగా రాలేదన్నా. ముగ్గురిలో ఒకరికి ఇస్తారు."

"ఆ ముగ్గురిలో నువ్వుండావు గదా?"

"ఉండా."

"ఇంగేముంది!" అంటూ నా పేరు ఇంటిపేరుతో సహా కాగితం మీద రాయించుకుని పోయాడు. ఎందుకని నేనడగలేదు.

తర్వాత న్యాయనిర్ణేతలు వీడియో కాల్‌లో మాట్లాడారు. మీ ప్రాక్టీసులో కొత్తదనం ఏమిటన్నారు. గడువుకు ముందే క్లయింట్లకు ఫోన్ చేసి గుర్తుచేస్తామన్నాను. ఇంకేమైనా ఉందా అన్నారు. అంతేనన్నాను.

హైదరాబాద్‌లో ఒక హోటల్లో ఫంక్షన్. అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. నా పాస్‌పోర్టు ఫోటోను గోడంత తెర మీద వేశారు. తర్వాత వేరే పేరు చదివారు. నేను చప్పట్లు కొట్టాను. అమ్మ నాకంటే గట్టిగా కొట్టింది. లేచి వేదిక మీదికి పోతున్నది ఎవరో చూశాక చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఆయప్ప ఏం చేసినాడంట?"

"సొంతంగా సాఫ్ట్‌వేర్ చేయించినాడంట."

"అది కావాలని వీళ్లు ముందే చెప్పింటే నువ్వు చేయించవా?"

తిరుగు రైల్లో డోన్ దాకా నాకేమీ బాధ లేదనే అనుకున్నాను. డోన్‌లో అమ్మ ఇడ్లీ కొనిచ్చింది. రెండో ముక్క పొట్లంలోనే పెట్టేశాను. చట్నీ కారంగా ఉందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

"అవును, శానా కారం," అంది అమ్మ. తను ఇంకా పొట్లం విప్పలేదు.

మర్నాడు ఆఫీసుకు పోయేసరికి మెట్ల దగ్గర ట్రాలీ ఆటో, దాని పక్కన శిల్పి. ఆటోలో నడుమెత్తు నల్లరాతి పలక. పైన నా పేరు, చుట్టూ లతలు, కింద 'విజేత'.

"అన్నా, నాకు రాలేదు."

"రాలేదా? ఎవరికొచ్చె?"

"వేరే ఊరాయనకు."

ఆయన కింది అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు. "లోతుగా కొట్టినానమ్మా. చెరిపితే పోదు."

"ఉండనీలే అన్నా."

"ఎట్లుంటాది? ముగ్గురిలో ఒకరని కొడదామంటే జాగా లేదు. కింద ముక్క కోసేస్తా. పేరుంటాది."

పలకను ఆళ్లగడ్డకు తీసుకుపోయాడు. కోసి, అంచులు నునుపు చేసి మళ్లీ తెచ్చాడు. అది మెట్ల మలుపు తిరగలేదు. మందుల షాపాయనను అడిగి కిందనే, గోడకు ఆనించి నిలబెట్టాం. చాలా బాగుంది. పేరు, లతలు తప్ప దాని మీద ఏమీ లేదు.

కొన్నాళ్లకు శిరివెళ్ల నుంచి ఒక రైతు, ఎవరో చెబితే, మొదటిసారి నా దగ్గరికి వచ్చాడు. పలక ముందు చెప్పులు విడిచి, నెమ్మదిగా మెట్లెక్కి, గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎప్పుడు పోయినారమ్మా?" అన్నాడు.

"కింద రాతి మీది పేరు నాదేనప్పా. రా, కూర్చో."

ఆయన కూర్చుని, సంచిలోంచి కాగితాలు తీశాడు. ఆయన వెళ్లాక పెయింటర్‌ను పిలిపించి, పేరు కింద తెల్లరంగుతో 'ఆడిటర్, పై అంతస్తు' అని రాయించాను.