వరస లేని సార్

ఆ రోజుల్లో మా మదనపల్లె వైపు పెళ్లంటే కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా ఉండేది కాదు. ఆడపిల్ల మాటలు వచ్చినప్పటి నుంచీ ఫలానావాణ్ని మామా అనో బావా అనో పిలుస్తూ పెరిగేది. తాళి కట్టిన మర్నాడు కూడా అదే పిలుపుతో అన్నానికి పిలిచేది. చిక్కంతా వరస లేని చోట ప్రేమించిన నాలాంటి తెలివితక్కువవాళ్లకే. పెళ్లయ్యాక ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలో మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పెద్దలు రెండు వైపులా తలుపులు వేసుకున్నారు. (పదో తరగతి నుంచి నేటిదాకా నేను డైరీ రాయని రోజు లేదు. నిద్ర లేచిన వేళ, వాన పడిందీ లేనిదీ, తిన్న కూర, అన్నీ అందులో ఉన్నాయి. ఈ సంగతి మాత్రం సరిగా లేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.)

డెబ్బయ్యో దశకం చివర నేను పగలు ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను, సాయంత్రాలు మదనపల్లెలో ఒక మేడమీద టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేవాణ్ని. ఆమెది కుప్పం. పిన్నమ్మ ఇంట్లో ఉండి టైపు లోయర్ పరీక్షకు తయారవుతుండేది. రోజూ ఐదున్నరకు చెయ్యెత్తి, "సార్, ఎఫ్ ఇరుక్కుంటాండాది సార్" అనేది. నేను వెళ్లి ఆ అక్షరం కడ్డీని వేలితో వెనక్కి తోసి వచ్చేవాణ్ని. అదే మిషను మీద ఆరున్నరకు కూర్చునే పెద్దమనిషికి ఎఫ్ ఒక్కరోజు కూడా ఇరుక్కోలేదన్న సంగతి గమనించడానికి నాకు మూడు నెలలు పట్టింది. (పద్ధతిగల మనిషికి ఏదైనా ఆలస్యంగానే తెలుస్తుంది.) తెలిశాక నేను చేసిన పనల్లా, ఆరునెలల పాటు ఆ మిషను బాగుచేయించకపోవడమే.

ఇన్‌స్టిట్యూట్ మిత్రులిద్దరు సాక్షి సంతకాలు పెట్టగా మా పెళ్లి జరిగింది. ఆనాటి డైరీలో ఇలా ఉంది: "వివాహం. ఉదయం పది ఇరవై. ఎండ." ఆ నెలలోనే పుంగనూరుకు బదిలీ అయింది. అక్కడ బొరుగులు వేయించి అమ్ముకునే ఒక ముసలావిడ ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాము. వీధంతా ఆమెను బొరుగులవ్వ అనేవాళ్లు. ఆమె ఆ మరమరాలు వేయించే మంగలంలో ఇసుక చప్పుడు మా వంటింట్లోకి వినిపించేది. నిజం చెప్పాలంటే మా ఇంట్లో వినిపించే చప్పుడు అదొక్కటే.

ఎందుకంటే మాకు మాట్లాడటం రాలేదు. మేడమీద గంటసేపు ఎఫ్ గురించి మాట్లాడగలిగిన ఇద్దరమూ, ఒక ఇల్లు ఇచ్చేసరికి మూగబోయాము. నేను లోపలికి వస్తే ఆమె లేచి నిలబడేది. నేను "కూర్చోండి" అనేవాణ్ని. ఆమె కూర్చునేది. "సార్, నీళ్లు కాగినాయి సార్." "సరేనండి." ఒకరోజు చారు ఎలా ఉందని అడిగితే, "బాగుంది, ఉప్పు విషయంలో కొంచెం అభ్యాసం చేయాలి" అన్నాను. అప్పుడు అది మెచ్చుకోలనే అనుకున్నాను. బొరుగులవ్వ గడపలో కూర్చుని ఇదంతా వినేది. "ఏం నాయనా, పెండ్లాన్ని తెచ్చుకుండావా, ఇంట్లో బడి పెట్టుకుండావా?" అనేది. ఆమె మాటకు ఇద్దరమూ నవ్వేవాళ్లము, అయితే ఎవరి గదిలో వాళ్లము.

ఆదివారాలు మరీ కష్టం. ఎదురింటికి అత్తామామలు గంపలతో దిగేవారు, పక్కింటికి అన్నదమ్ములు వచ్చేవారు. మా వాకిట్లోకి చీటీ డబ్బులు అడిగే మనిషి కూడా వచ్చేవాడు కాదు. సాయంత్రం నేను డైరీ తీసి, "ఆదివారం. ఎవరూ రాలేదు" అని రాసి మూసేవాణ్ని. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె ఆ డైరీ ముందు కూర్చుని ఉంది. ఆరోజు నన్ను చూసి లేచి నిలబడలేదు.

"తొమ్మిది ఆదివారాలు సదివినా సార్. ఎవరూ రాలేదు, ఎవరూ రాలేదు అనే ఉండాది. మరి నేనెవర్ని సార్?"

నేను ఆలోచించి, చాలా ఓపికగా చెప్పాను. "మీరు ఇంట్లోనే ఉండారు కదా. వచ్చేది వేరు, ఉండేది వేరు. వాక్యంలో తప్పేం లేదండి."

"తప్పు లేదు సార్" అని ఆమె వంటింట్లోకి వెళ్లింది. (అప్పుడైనా నా నోటికి ఎవరైనా ఒక ఇనపకడ్డీ అడ్డం పెట్టి ఉంటే బాగుండేది.)

వారం తిరక్కుండా కుప్పం నుంచి ఆమె చెల్లెలు ఉత్తరం రాసింది. అమ్మకు ఒంట్లో బాగాలేదు, నువ్వు మాత్రం వచ్చి చూసిపో అని. ఆ 'మాత్రం' నాకోసం రాసిందే. బస్సెక్కేటప్పుడు ఆమె "వస్తా సార్" అంది. పది రోజులన్నది ఇరవై అయింది. అమ్మకు నయమైందని తెలిసింది, ఆమె మాత్రం రాలేదు. వాళ్ల నాయన ఆమెను ఇక పంపడేమో, ఆమె కూడా రావాలనుకోవడం లేదేమో అన్న భయం పట్టుకుంది నాకు. డైరీలో లేచిన వేళ రాసుకోవడం కూడా రెండు రోజులు తప్పింది.

ఉత్తరం రాద్దామని కూర్చుంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ప్రియమైన అని రాయడానికి సిగ్గు. పేరు మాత్రం రాస్తే అమర్యాద. చివరికి ఆమె పేరు పక్కన 'గారికి' చేర్చి, "మీరు వెళ్లి ఇరవై రోజులు అయినందున, తమ రాక తేదీ తెలియజేయవలసిందిగా కోరుతున్నాను" అని రాశాను. కార్డు మీద ఒక్క వాక్యం జవాబు వచ్చింది: "ఎవరు రావాలో రాయలేదు సార్."

బొరుగులవ్వ అడిగితే నా ఉత్తరం నకలూ, ఆమె కార్డూ చదివి వినిపించాను. అవ్వ చేతిలోని జల్లెడను కింద పెట్టింది.

"తేదీ అడిగేదానికి ఆ పాపేమన్నా బస్సా నాయనా? నువ్వు పిలిచినావా?"

"ఏమని పిలిచేది అవ్వా? మాకు వరస లేదు."

"వరస లేకుంటే నేనిస్తా తీసుకో. నువ్వు మా అన్న కొడుకు, ఆ పాప నా కూతురు. మరదలుపిల్ల అయిపాయె. ఇంక పో, పిలుసుకోనిరా."

పలమనేరులో ఒక బస్సు, వి.కోటలో ఒక బస్సు మారి కుప్పం చేరేదాకా 'మరదలా' అన్న మాటను లోలోపల అభ్యాసం చేశాను. ఒక్కసారి కూడా తప్పు లేకుండా రాలేదు. వాళ్ల నాయన వాకిట్లో కూర్చుని మిరపకాయలు ఏరుతున్నాడు. మండీలో కూరగాయల వ్యాపారం ఆయనది. తలెత్తి, "ఎవురప్పా నువ్వు?" అన్నాడు. అల్లుణ్ని అనడానికి ధైర్యం చాలలేదు. "టైపు సార్‌నండి" అన్నాను.

ఆయన చేతిలోని మిరపకాయ అలాగే ఉండిపోయింది. ఇంతలో ఆమె లోపలినుంచి వచ్చి గడపలో నిలబడింది. నేను బస్సులో కూర్చిన మాటలన్నీ పోయి, నోట్లోంచి అలవాటైనదే వచ్చింది. "కూర్చోండి."

లోపల మంచం మీదినుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. "సూడు, మనింటికొచ్చి మన బిడ్డనే కూసోమంటాండాడు." ఆ గొంతులో నవ్వుంది. ఆయన మిరపకాయను గంపలో వేసి, "ముందు నువ్వు కూసోప్పా. దేనికొచ్చినావో సెప్పు" అన్నాడు.

నేను ఆయనతోనే చెప్పాను, ఆమెవైపు చూడలేదు. "మొన్న ఆదివారం మా ఇంట్లో ఎవరూ లేరండి."

ఆయనకు అర్థమైనట్టు లేదు. ఆమె లోపలికి వెళ్లింది. సంచి సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. అన్నం తిని, రెండు పూటలకు సరిపడా వంకాయలు మోసుకుని బయలుదేరాము. గడప దాకా వచ్చిన ఆయన వంకాయల సంగతి తప్ప వేరే ఏమీ మాట్లాడలేదు.

పలమనేరు బస్టాండులో ఆమెను పుంగనూరు బస్సులో కూర్చోబెట్టి జామకాయలకని దిగాను. నేను కాయలు ఒక్కొక్కటే తిప్పి చూస్తుండగా బస్సు కదిలింది. వెనకనుంచి "సార్" అన్న కేక వినబడింది. కండక్టరు తిరిగాడు, గొడుగు పట్టుకున్న ఒక బడి అయ్యవారు తిరిగాడు, లుంగీ కట్టుకున్న ఇంకో ఇద్దరు తిరిగారు. నేను మాత్రం కాయలు చూస్తున్నాను.

"మిమ్మల్ని కాదప్పా," అంది ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి. "మా సార్‌ని. ఓ మా సార్, నిన్నే."

పరుగెత్తి బస్సెక్కి ఆమె పక్కన కూర్చున్నాను. ఆ రోజు డైరీలో, "పలమనేరులో బస్సు మారాము. జామకాయలు పచ్చివి" అని ఉంది. బొరుగులవ్వ ఇచ్చిన వరస ఎప్పుడూ వాడుకలోకి రాలేదు. మూడు ఊళ్ల బదిలీల్లో, ముప్ఫయ్యారేళ్లు నేను 'మా సార్'నే. నేను 'నువ్వు' అనడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. (చారులో ఉప్పు గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.) ఆదివారాల రాతలో మాత్రం ఆ వారమే మార్పు వచ్చింది: "ఎవరూ రాలేదు. ఇద్దరం ఉన్నాము."

ఆమె పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు మదనపల్లెలో బ్యాంకులో, మందుల అంగడిలో, ఆటోలో అందరూ నన్ను సార్ అంటారు. మర్యాదకు తల ఊపుతాను. మొన్న ఆదివారం సాయంత్రం డైరీ తీసి "ఎవరూ రాలేదు" అని రాశాను. చెయ్యి అలవాటు కొద్దీ ఆగకుండా, "ఇద్దరం ఉన్నాము" అని కూడా రాసేసింది. ఇన్‌స్టిట్యూట్‌లో అయితే ఎర్రసిరాతో సున్నా చుట్టి, తప్పుల్లో లెక్క వేసేవాణ్ని. కాసేపు చూసి, కలం మూత పెట్టాను.